చెంచాడు చెంచాడుగా: పసిబిడ్డకు వాంతులైనప్పుడు

రాత్రి పదకొండు దాటాక ఏడు నెలల బిడ్డ తాగిన పాలన్నీ కక్కేస్తుంది. పావుగంట గడవకముందే మళ్ళీ వాంతి. మూడోసారికి కడుపులో ఏమీ లేక నురగ మాత్రమే వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురుంటే మూడు కారణాలు వినిపిస్తాయి. దిష్టి తగిలిందని ఒకరు, పళ్ళు వచ్చే వేళ ఇంతేనని మరొకరు, తల్లి మధ్యాహ్నం వంకాయ కూర తిన్నదని ఇంకొకరు. నిరుడు పెద్దబిడ్డకు రాసిచ్చిన వాంతి మందు సీసా అలమరలోంచి బయటికి వస్తుంది. అందరి ఆదుర్దా ఒక్కటే, ఆ వాంతి ఎలాగైనా ఆగాలి.

ఆ ఆదుర్దాను తప్పుపట్టలేం. అయితే ఈ వయసులో హఠాత్తుగా మొదలయ్యే వాంతుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. ఒకటి రెండు రోజుల్లో అవి వాటంతట అవే తగ్గుముఖం పడతాయి. ఈలోగా బిడ్డ ఒంట్లో నీరు తరగకుండా కాచుకోవడం, ఇది ఇంట్లో చూసుకోదగిన వాంతా లేక వెంటనే ఆస్పత్రికి పరుగెత్తవలసిన వాంతా అని గుర్తుపట్టడం పెద్దల చేతిలో ఉన్న పనులు. రెంటికీ ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. సీసా కోసం వెతికే ఆ పది నిమిషాల్లో కక్కినదాని రంగు చూడాలి, బిడ్డ చివరిసారి మూత్రం ఎప్పుడు పోసిందో గుర్తు తెచ్చుకోవాలి, బిడ్డ చూపులో కళ ఉందో లేదో గమనించాలి.

కక్కడం వేరు, వాంతి వేరు

పాలు తాగిన కాసేపటికి పెదవుల పక్కనుంచి రెండు చెంచాల పాలు కారడాన్ని మనవాళ్ళు ‘పాలు కక్కడం’ అంటారు. కక్కిన మరుక్షణం బిడ్డ నవ్వుతూనే ఉంటుంది, కాళ్ళు ఆడిస్తూనే ఉంటుంది. అన్నవాహికకూ జఠరానికీ మధ్య ఉండే కండరపు ముడి ఈ వయసులో ఇంకా గట్టిపడదు. పైగా రోజంతా పాలే ఆహారం, రోజంతా పడకే. అందుకే పాలు పైకి రావడం సులువు. నాలుగో నెల ప్రాంతంలో ఇది ఎక్కువగా కనిపించి, బిడ్డ కూర్చోవడం, గట్టి ఆహారం తినడం మొదలయ్యాక తగ్గుతూ వచ్చి, ఏడాది నిండేసరికి చాలామందిలో పోతుంది. బరువు పెరుగుతూ, హుషారుగా ఉన్న బిడ్డ రోజుకు నాలుగైదుసార్లు కక్కినా దానికి మందు అవసరం లేదు.

వాంతి అలా కాదు. కడుపు కండరాలు బిగుసుకుంటాయి, మొహం ఎర్రబడుతుంది, కడుపులోనిది బలవంతంగా బయటికి వస్తుంది, ఆ తర్వాత బిడ్డ డీలా పడుతుంది లేదా ఏడుస్తుంది.

ఇక్కడ తల్లుల మీద పడే ఒక అన్యాయపు మాట గురించి చెప్పాలి. కక్కిన పాలు విరిగి, పెరుగు తునకల్లా కనబడగానే ‘నీ పాలు పడటం లేదు, విరిగిపోతున్నాయి’ అంటారు. ఆ మాటతో తల్లిపాలు మానిపించి సీసా పట్టించిన ఇళ్ళు తక్కువేమీ కాదు. జఠరంలోని ఆమ్లం తగిలితే ఏ పాలైనా విరుగుతాయి, విరగాలి కూడా. అది జీర్ణమయ్యే పద్ధతి. కక్కిన పాలు విరిగి ఉన్నాయంటే అవి కాసేపు కడుపులో ఉండి వచ్చాయనే అర్థం. తల్లి తిన్న కూరకూ దానికీ సంబంధం లేదు. చాలా కొద్దిమంది బిడ్డలకు ఆవుపాల ప్రొటీన్ పడకపోవడం ఉంటుంది. అప్పుడు వాంతులతో పాటు మలంలో రక్తపు చారలు, ఒంటిమీద దద్దుర్లు, బరువు పెరగకపోవడం వంటివి కనిపిస్తాయి. దాన్ని తేల్చవలసింది వైద్యులు, ఇరుగుపొరుగు కాదు.

కక్కే బిడ్డ విషయంలో చేయగలిగింది కొంత ఉంది. ఒక్కసారే ఎక్కువ పట్టకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలివ్వడం, పాలయ్యాక భుజాన వేసుకుని వీపు నిమిరి త్రేన్పు తెప్పించడం, కాసేపు నిటారుగా ఎత్తుకోవడం. సీసా పాలైతే పీక రంధ్రం మరీ పెద్దదిగా ఉందేమో చూడాలి. పడుకోబెట్టేటప్పుడు మాత్రం వెల్లకిలానే. పాలు గొంతుకు అడ్డం పడతాయన్న భయంతో బోర్లా పడుకోబెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. వెల్లకిలా పడుకున్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు శ్వాసనాళంలోకి ఎక్కాలంటే పైకి ఎగబాకాలి. బోర్లా పడుకుంటే ఆ అమరిక తలకిందులవుతుంది. నిద్రలో హఠాత్తుగా బిడ్డలు చనిపోయే ప్రమాదం బోర్లా పడుకోబెట్టినప్పుడు పెరుగుతుందని తేలాకే 1990ల నుంచి ప్రపంచమంతటా వైద్యులు ఈ మాట చెబుతూ వస్తున్నారు. మెలకువగా ఉండి వాంతి చేసుకుంటున్న బిడ్డను మాత్రం ఆ క్షణంలో పక్కకు తిప్పి పట్టుకుని, నోరు తుడవాలి.

ఆకుపచ్చ రంగు

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంటుందనుకుంటే అది ఈ రంగు కావాలి. పసిబిడ్డ వాంతి ఆకుపచ్చగా, కొత్తిమీర పచ్చడి నీళ్ళలో కలిపినట్టు ఉంటే తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ రంగు పైత్యరసానిది. జఠరం దాటాక కలిసే ఆ రసం వెనక్కి వస్తోందంటే కిందెక్కడో దారి మూసుకుపోయి ఉండవచ్చు. పుట్టుకతోనే పేగుల అమరిక సరిగా లేని కొందరు బిడ్డల్లో పేగు తన చుట్టూ తాను మెలిక పడుతుంది. మెలికతో పాటు రక్తనాళాలూ నలిగిపోతాయి. కొద్ది గంటల్లోనే పేగు చచ్చిపోయే ప్రమాదం ఉంది. నెలలోపు బిడ్డకు ఆకుపచ్చ వాంతి అయితే, వేరే కారణం రుజువయ్యేదాకా దాన్ని శస్త్రచికిత్స అవసరమైన అత్యవసర పరిస్థితిగానే పిల్లల సర్జన్లు చూస్తారు. బిడ్డ ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నా సరే, కడుపు మెత్తగా ఉన్నా సరే. నాలుగైదు వాంతుల తర్వాత ఖాళీ కడుపు నుంచి లేత పసుపు నీరు రావడం ఇంత ప్రమాదకరం కాకపోవచ్చు. కానీ పసుపా ఆకుపచ్చా అన్న అనుమానం వస్తే ఆ గుడ్డనే పట్టుకెళ్ళి చూపించాలి. ట్యూబులైటు వెలుగులో ఫోనుతో తీసిన బొమ్మ రంగును మార్చేస్తుంది. గుడ్డ మార్చదు.

రెండో రకం వాంతి మూడు నుంచి ఆరు వారాల బిడ్డల్లో కనిపిస్తుంది. పాలు తాగగానే పిచికారీ కొట్టినట్టు అడుగు దూరం పడుతుంది. రంగు తెల్లగానే, పాలలాగే ఉంటుంది. వాంతి కాగానే బిడ్డ ఆకలితో మళ్ళీ రొమ్ముకు ఎగబడుతుంది. రోజురోజుకూ వాంతులు పెరుగుతాయి, బరువు తగ్గుతుంది. జఠరం చివర ఉన్న కండరం మందమై పాలు కిందికి దిగే దారిని నొక్కేయడం దీనికి కారణం. మగపిల్లల్లో, అందులోనూ తొలిచూలు బిడ్డల్లో ఎక్కువ. ఒకప్పుడు దీనితో చాలామంది పిల్లలు ఆకలికి అలమటించి చనిపోయేవారు. జర్మన్ సర్జన్ కాన్రాడ్ రామ్‌ష్టెట్ 1912లో ప్రచురించిన పద్ధతిలో ఆ మందపాటి కండరాన్ని నిలువుగా చీల్చి వదిలేస్తే చాలు. నూరేళ్ళు దాటినా అదే చికిత్స నడుస్తోంది. బిడ్డ మర్నాటికల్లా పాలు తాగుతుంది.

మూడోది అయిదు నెలల నుంచి ఏడాదిలోపు పిల్లల్లో ఎక్కువ. ఒక పేగు ముక్క పక్క పేగులోకి దూరిపోతుంది. బిడ్డ హఠాత్తుగా కాళ్ళు పొట్టకేసి ముడుచుకుని కీచుగా ఏడుస్తుంది, కొద్ది నిమిషాలకు ఏమీ లేనట్టు సద్దుమణుగుతుంది, పావుగంటకో అరగంటకో మళ్ళీ అదే ఏడుపు. మధ్యమధ్య వాంతి, మొహం పాలిపోవడం. రక్తం, జిగురు కలిసిన ఎర్రని విరేచనం కనబడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. తొందరగా తీసుకెళ్తే చాలామందికి కోత లేకుండానే, మలద్వారం గుండా గాలినో సెలైన్‌నో పంపి పేగును వెనక్కి నెట్టేస్తారు. అందుకే వచ్చిపోయే ఏడుపును ‘కడుపునొప్పిలే’ అని వాము నీళ్ళతో సరిపెట్టకూడదు.

ఇంకొక మాట. విరేచనాలు లేకుండా వాంతులు మాత్రమే అవుతుంటే జబ్బు కడుపులోనే ఉందన్న నమ్మకం లేదు. జ్వరంతో పాటు వాంతులయ్యే పసిబిడ్డలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు, మెదడు పొరల వాపు ఉండవచ్చు. నడినెత్తిన మెత్తగా తగిలే మాడు, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు కూడా ఉబ్బి బిగుతుగా ఉంటే, అది తలలో ఒత్తిడికి గుర్తు. మంచం మీదినుంచి పడిన బిడ్డకు ఆ తర్వాత వాంతులు మొదలైనా అంతే తీవ్రంగా తీసుకోవాలి. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, ఆపైన జ్వరం ఉంటే వాంతి ఉన్నా లేకున్నా ఆస్పత్రికే. వాంతిలో రక్తం, పొట్ట ఉబ్బి గట్టిపడడం, లేపినా సరిగా కళ్ళు తెరవకపోవడం, ఫిట్స్ వీటి గురించి వేరే చెప్పనక్కర్లేదు.

నీరు ఎలా తరుగుతుంది

పుట్టిన బిడ్డ బరువులో దాదాపు 75 శాతం నీరే. పెద్దల్లో అది 60 శాతం దరిదాపుల్లో ఉంటుంది. బరువుతో పోలిస్తే చర్మపు విస్తీర్ణం ఎక్కువ కాబట్టి ఒంటినుంచి ఆవిరయ్యే నీరూ ఎక్కువ. మూత్రాన్ని చిక్కబరిచి నీటిని దాచుకునే నేర్పు పసి మూత్రపిండాలకు ఇంకా రాదు. అన్నిటికన్నా ముఖ్యం, దాహమేస్తోందని బిడ్డ చెప్పలేదు. ఆరు కిలోల బిడ్డ ఒంట్లోంచి 600 మిల్లీలీటర్ల నీరు పోతే బరువులో పదో వంతు పోయినట్టు. పెద్ద మనిషికి మూడు గ్లాసులే అనిపించే ఆ నీరు ఆ బిడ్డను ప్రాణాపాయంలోకి నెడుతుంది.

దీనికి తొలి కొలమానం మూత్రం. ఆరేడు గంటలుగా గోచీ తడవకపోతే వైద్యులకు చూపించాలి. డైపర్ వాడే ఇళ్ళలో ఇది కనిపెట్టడం కష్టం. ఎంత నీటినైనా పీల్చి పొడిగా కనబడేలా వాటిని తయారుచేస్తారు. అలాంటప్పుడు డైపర్ తీసేసి ఆ ఒక్కరోజుకైనా పాత నూలు గుడ్డ కట్టడం తేలిక. తప్పనిసరైతే డైపర్ లోపల ముందువైపు మెత్తని కాగితపు ముక్క పెడితే అది తడిసిందీ లేనిదీ తెలుస్తుంది. నోరు, నాలుక ఎండిపోవడం, కళ్ళు లోతుకు పోవడం, మాడు గుంట పడడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం తర్వాతి గుర్తులు. రెండు మూడు నెలలలోపు బిడ్డకు మామూలుగానే కన్నీరు సరిగా రాదు కాబట్టి ఆ వయసులో కన్నీటిని చూసి నిర్ణయించకూడదు. బొడ్డు పక్కన చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పట్టి వదిలితే వెంటనే చదునవ్వాలి. మడత అలాగే నిలిచి నెమ్మదిగా దిగిందంటే నీరు బాగా పోయినట్టు.

మొదట్లో నీరు తగ్గిన బిడ్డ చికాకు పడుతుంది, గిన్నె కనబడితే ఎగబడుతుంది. ఇంకా తగ్గితే నిశ్శబ్దమవుతుంది. అమ్మయ్య, పడుకున్నాడు అని ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకునేది సరిగ్గా ఆ సమయంలోనే. రోజంతా ఏడ్చిన బిడ్డ ఒక్కసారిగా మౌనమైతే, పాలకు కూడా లేవకపోతే, అది నిద్ర కాకపోవచ్చు.

చెంచా లెక్క

వాంతి తగ్గగానే దాహంతో ఉన్న బిడ్డకు గ్లాసుడు నీళ్ళో పాలో పట్టిస్తారు. ఆత్రంగా తాగుతుంది. అయిదు నిమిషాల్లో అంతా బయటికి వస్తుంది. ‘నీళ్ళు కూడా నిలవటం లేదు’ అన్న మాట అక్కడ పుడుతుంది, దాని వెంటే ‘ఒక సెలైన్ పెట్టిస్తే తేరుకుంటాడు’ అన్న మాట. లోపం నీళ్ళది కాదు, వేగానిది. వాపు వచ్చిన జఠరం సాగితే చాలు, వాంతి మళ్ళీ మొదలవుతుంది. ఒక చెంచాడు మాత్రం దాన్ని సాగదీయకుండానే కిందికి జారిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. రెండు నిమిషాలకు ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల ఓఆర్‌ఎస్ (పొట్లంలో దొరికే ఉప్పు, గ్లూకోజు పొడి కలిపిన నీళ్ళు). గంటకు ముప్ఫై చెంచాలు, 150 మిల్లీలీటర్లు. నాలుగు గంటలకు 600. కొంతమేరకు నీరు తగ్గిన బిడ్డకు నాలుగు గంటల్లో కిలో బరువుకు 75 మిల్లీలీటర్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏడు కిలోల బిడ్డకు అది 525. అంటే ఆస్పత్రి లెక్కకు సరిపడా నీరు వంటింటి చెంచాతోనే లోపలికి వెళ్ళిపోతుంది. మధ్యలో ఒకటి రెండు వాంతులైనా చేరే నీరే ఎక్కువ. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ ఇంకా నెమ్మదిగా, మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున మొదలుపెట్టాలి. నీరు కొంతమేరకే తగ్గిన పిల్లల్లో నోటిద్వారా పట్టడం పాతికమందిలో ఒక్కరికే విఫలమై సూది అవసరమైందని పలు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో తేలింది. నీరు బాగా పోయి షాక్‌లోకి, అంటే రక్తప్రసరణ పడిపోయే స్థితిలోకి జారుతున్న బిడ్డకు సెలైన్ ప్రాణదాత. మిగిలినవారికి చెంచా చాలు. చేతి మీద అట్ట కట్టించుకుని, నరం దొరక్క నాలుగు పోట్లు పొడిపించుకోవలసిన పని ఆ బిడ్డలకు లేదు.

ఇది చెప్పినంత తేలిక కాదన్నది కూడా నిజం. రాత్రిపూట రెండు నిమిషాలకొకసారి చెంచా పట్టడమంటే ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. తల్లి ఒక గంట, తండ్రి ఒక గంట, అమ్మమ్మ ఒక గంట కూర్చోవాలి. వాంతి మందు కోసం తండ్రి బండి వేసుకుని ఊరంతా తిరగడంకన్నా ఆ గంట చెంచా పట్టుకుని కూర్చుంటే బిడ్డకు ఎక్కువ మేలు.

మన ఇళ్ళలో దీనికి తగిన సాధనం ఎప్పటినుంచో ఉంది. ఉగ్గుగిన్నె. అరచేతిలో ఇమిడే గిన్నె, ఒకపక్కకు సాగిన సన్నని ముక్కు, ఆ ముక్కు గుండా ధార కాకుండా బొట్టు బొట్టుగా పడేలా ఒడుపుగా వంచే చెయ్యి. మరిగించి కడిగిన ఉగ్గుగిన్నె పాలసీసాకన్నా శుభ్రం, ఎందుకంటే దానికి మూలలు లేవు, రబ్బరు పీక లేదు. పాత పద్ధతిలో మారవలసింది ఒకటుంది. కాళ్ళు చాపుకుని బిడ్డను వాటిమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఏడుస్తుండగా గొంతులోకి ఒంపేవారు. అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. బిడ్డను ఒడిలో తల ఎత్తుగా ఉంచి, గిన్నె ముక్కును కింది పెదవికి ఆనించి, బిడ్డ తనంతట తాను చప్పరించేలా పట్టాలి.

తల్లిపాలు ఆపకూడదు. ఎక్కువసేపు ఒకేసారి కాకుండా అయిదేసి నిమిషాలు ఎక్కువసార్లు ఇచ్చి, మధ్యలో ఓఆర్‌ఎస్ పట్టాలి. డబ్బా పాలు తాగే బిడ్డకు పాలను నీళ్ళు ఎక్కువ పోసి పలచన చేయకూడదు. ఆరు నెలలలోపు బిడ్డకు వాంతులైతే ఫోనులోనైనా వైద్యుల సలహా తీసుకోవాలి. రెండు నెలలలోపు బిడ్డకు మళ్ళీ మళ్ళీ వాంతి అవుతుంటే ఇంటి వైద్యం ఊసే వద్దు.

పొడి పొట్లం వెనక కథ

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణం బన్గావ్‌లోని శరణార్థి శిబిరంలో కలరా పేలింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. కలకత్తా వైద్యుడు దిలీప్ మహలనాబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూకం వేసి పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లోని నీళ్ళలో కలిపించి, రోగుల బంధువుల చేతే గ్లాసులతో తాగించారు. అంతకుముందు నూటికి ముప్ఫైమంది చనిపోతున్న చోట ఆ ద్రావణం తాగినవారిలో మరణాలు 3.6 శాతానికి దిగాయి. పేగు గోడలో గ్లూకోజు వెళ్ళే ద్వారం సోడియంను కూడా వెంటబెట్టుకుని వెళ్తుందని, దాని వెనకే నీరు వెళ్తుందని అప్పటికే శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. జబ్బుపడిన పేగులోనూ ఆ ద్వారం పనిచేస్తుంది. 2023లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ శిబిరంలో చికిత్స చేసిన చేతులు బంధువులవి. ఇప్పుడు ఇంట్లో చెంచా పట్టే చేతులూ అవే.

2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ ఆ పాళ్ళను సవరించాయి. లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం 20.5. పాత పాళ్ళతో పోలిస్తే దీనితో వాంతులు కూడా దాదాపు 30 శాతం తగ్గాయి. పెద్ద పొట్లానికి సరిగ్గా లీటరు నీరు కావాలి, చిన్న పొట్లానికి 200 మిల్లీలీటర్లు. మరిగించి చల్లార్చిన నీటిలో పొట్లం మొత్తం ఒకేసారి కలపాలి. ‘బిడ్డ చిన్నది, ఇంత ఎందుకు’ అని లీటరు పొట్లంలోంచి రెండు చెంచాలు తీసి గ్లాసులో కలపడం మన ఇళ్ళలో అతి మామూలు పొరపాటు, అతి ప్రమాదకరమైనది కూడా. చిక్కబడిన ఆ ద్రావణం వల్ల రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు. చెంబుతో కొలవవద్దు, లీటరు మంచినీళ్ళ సీసాతో కొలవాలి. కలిపాక నాలుక మీద వేసుకుని చూస్తే కన్నీటికన్నా ఉప్పగా ఉండకూడదు. కలిపినదాన్ని వేడి చేయవద్దు, చక్కెర వేయవద్దు, 24 గంటలు దాటితే పారబోయాలి.

దుకాణంలో ఇంకో చిక్కుంది. ఏళ్ళ తరబడి ఓఆర్‌ఎస్ అన్న మూడక్షరాలు పెట్టుకుని పళ్ళరసం వంటి తియ్యని పానీయాలు మందుల దుకాణాల్లోనే అమ్ముడయ్యాయి. పళ్ళరసాల్లో లీటరుకు వంద గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. 13.5 గ్రాములు ఉండవలసిన చోట అంత తీపి పడితే పేగు నీటిని పీల్చడం పోయి, ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళపాటు దీనిమీద పోరాడారు, తెలంగాణ హైకోర్టుకు కూడా వెళ్ళారు. చివరికి 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఏ ఆహార పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండకూడదని ఆదేశించింది. ఒక వైద్యురాలు కన్నీళ్ళతో సాధించిన ఆ ఆదేశం విలువ నిలవాలంటే కొనేవాళ్ళు పొట్లం వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ళు అన్న మాట ఉందో లేదో చదవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్త దగ్గర దొరికే ఉచిత పొట్లంలో ఉన్నది అసలైన మందు.

గ్లూకోజు పొడిలో ఉప్పు లేదు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కాబట్టి ఇవేవీ పసిబిడ్డకు ఓఆర్‌ఎస్‌కు బదులు కావు. ఆరు నెలలు దాటి అన్నం మొదలుపెట్టిన బిడ్డకు కాస్త ఉప్పు వేసిన పలుచని గంజి మంచిదే.

పట్టకూడనివి

మాటలు బాగా రావాలని బిడ్డకు వసకొమ్ము అరగదీసి నాకించడం తెలుగు ఇళ్ళలో పాత ఆచారం. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం అందులోంచి వచ్చిందే. కడుపు బాగాలేకపోయినా అదే వస పడుతుంది. ఆయుర్వేదంలో వాంతి చేయించే వమన చికిత్సలో వాడే ద్రవ్యాల్లో వస కూడా ఉంది. వాంతులతో ఉన్న బిడ్డకు దాన్ని నాకించడం ఎంత విరుద్ధమో వేరే చెప్పాలా? కడుపు శుభ్రమవుతుందని ఆముదం పోయడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం మరీ చేటు. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకిస్తే బాట్యులిజం అనే అరుదైన పక్షవాతపు జబ్బు రావచ్చు. దిష్టి తీయడం వల్ల నష్టం లేదు, దిష్టి తీశాం కదా అని తెల్లవారేదాకా ఆగడం వల్ల ఉంది.

అలమరలోంచి తీసిన ఆ పాత సీసా సంగతి. పెద్దలకు వాడే వాంతి మందుల్లో కొన్ని పసిబిడ్డల మెడను, నాలుకను వంకర్లు తిప్పే కండర బిగుతును తెస్తాయి. ప్రోమెథజీన్ అనే మందు రెండేళ్ళలోపు పిల్లల్లో శ్వాసను ఆపేయగలదని 2004లోనే అమెరికా ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక జారీచేసింది. ఓఆర్‌ఎస్ నిలవని ఆరు నెలలు దాటిన బిడ్డకు ఒండాన్‌సెట్రాన్ అనే వాంతి మందు ఒక మోతాదు ఇవ్వాలా అన్నది బరువు చూసి వైద్యులు తేల్చవలసినది. జ్వరానికి పారాసెటమాల్ వేసేటప్పుడూ జాగ్రత్త కావాలి. చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే, మామూలు సిరప్‌లో మిల్లీలీటరుకు 25 దాకానే ఉంటుంది. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగింతలు పడుతుంది.

ఆస్పత్రికి బయలుదేరేటప్పుడు మూడు విషయాలు కాగితం మీద రాసుకుంటే వైద్యుల పని సగం తేలికవుతుంది. మొదటి వాంతి ఎన్నింటికి, ఇప్పటికి ఎన్నిసార్లు, చివరి మూత్రం ఎప్పుడు. పిచికారీ వాంతి అయితే ఎవరైనా ఫోనులో చిన్న వీడియో తీయగలిగితే ఇంకా మంచిది. దారిలో కూడా చెంచా ఆపవద్దు, బిడ్డ మెలకువగా ఉండి మింగగలిగినంత కాలం. ఆకుపచ్చ వాంతి, ఉబ్బిన పొట్ట ఉన్న బిడ్డకు మాత్రం నోట ఏమీ పట్టకుండా తీసుకెళ్ళాలి.

రాకుండా ఆపగలిగిన భాగం

పసిపిల్లల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలకు పెద్ద కారణం రోటావైరస్. దీనికి దేశంలో తయారైన టీకాకు హైదరాబాద్‌తో సంబంధం ఉంది. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల నుంచి ఒక బలహీనమైన వైరస్ రకాన్ని వేరుచేశారు. అది సోకిన శిశువులకు జబ్బు చేయలేదు. మహారాజ్ కిషన్ భాన్ వంటి శాస్త్రజ్ఞులు దాని వెంటే ఏళ్ళ తరబడి పనిచేశారు, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ దాన్ని టీకాగా తయారుచేసింది. ఢిల్లీ, పుణె, వేలూరులలో జరిగిన పరీక్షలో మొదటి ఏడాది తీవ్రమైన రోటావైరస్ జబ్బును దాదాపు 56 శాతం అడ్డుకుంది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో రోటా చుక్కలు మొదలైన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో నోట్లో వేస్తారు, ఉచితంగా. చుక్కలు వేయించుకున్న బిడ్డకూ వాంతులు రావచ్చు. ప్రాణం మీదికి వచ్చే అవకాశం మాత్రం తగ్గుతుంది.

వాంతులు తగ్గిన మర్నాడు బిడ్డ సగం ఆకలితో ఉంటుంది. మెత్తగా కలిపిన పెరుగన్నం, పెసరపప్పు కట్టు, మెదిపిన అరటిపండు వంటివి కొద్ది కొద్దిగా మొదలుపెట్టవచ్చు. పథ్యమని రోజుల తరబడి గంజి నీళ్ళ మీదే ఉంచకూడదు. విరేచనాలు కూడా ఉంటే పద్నాలుగు రోజులు జింకు ఇవ్వాలి. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20. అయిదో రోజుకు బాగుపడినా సీసా పక్కన పెట్టవద్దు. ఆ తర్వాత రెండు వారాలపాటు రోజూ మామూలు తిండికి తోడు ఇంకొక పూట తినిపిస్తే, పోయిన బరువు తిరిగి వస్తుంది.